కార్యాలయమునకు రచ్చబండ



రచ్చబండ నెరుగని తెలుగువారుండరు. ఊరి నడుమ వేపయో రావియో ఒక పెద్ద చెట్టు, దాని మొదట కట్టిన రాతి అరుగు. పొలము పని ముగిసిన పిమ్మట జనులచట కూర్చుందురు. చెరువు నీటి వంతులు, గట్టు తగవులు, పశువుల జబ్బులు, ధాన్యపు ధరలు అన్నియు అచటనే ప్రస్తావనకు వచ్చును. ఆ అరుగునకు తలుపు లేదు. అచట పలికిన మాట ఎవరి పెట్టెలోను దాగదు. ఒకడు చెప్పిన దానిని పదిమంది విందురు, తెలిసినవాడు సరిదిద్దును, తెలియనివాడు నేర్చుకొనును. అయితే ఆ అరుగుపై అందరికిని సమానముగా చోటు దొరకలేదను చేదు నిజమును మరువరాదు. కులమును బట్టి కొందరు దూరముగా నిలువవలసి వచ్చెను. స్త్రీలు గడప దాటి వచ్చి అచట మాటాడుట అరుదు. కావున రచ్చబండను తలచునప్పుడు దాని గుణమును, దోషమును రెంటిని తలచవలయును.

2003వ సంవత్సరము డిసెంబరు మాసమున తెలుగు వికీపీడియా ఆరంభమైనది. జీతము నాశింపక దేశ విదేశములలోని తెలుగువారు కూడి వ్రాయుచున్న విజ్ఞాన సర్వస్వమిది. అందలి రచయితలు తమ సమష్టి విషయములను చర్చించుకొను పుటకు వారు పెట్టుకొన్న పేరు 'రచ్చబండ'. అది యెంతయు సముచితమైన నామకరణము. ఈనాడు ప్రపంచమంతటను సామాజిక వేదిక యని వ్యవహరింపబడుచున్న దానికి తెలుగు పల్లెలో ఏనాటి నుండియో ఉన్న పేరు అదియే కదా!

ఈ వేదికలు జనుల మాటలను, స్నేహములను, ఎన్నికలను, వర్తకమును ఎట్లు మార్చినవో అందరును చూచుచునే యున్నారు. వీని వెనుక నున్న భావములు ఒక వ్యాపార సంస్థలో పని జరుగు తీరును మార్చగలవా? మార్చగలిగినచో వానిలో గ్రహింపదగిన దేది, విడువదగిన దేది? నేటి ప్రసంగమునకు ఇదియే విషయము.

ముందుగా, సంస్థలు నిచ్చెన మెట్ల వలె ఏల ఏర్పడినవో విచారింపవలయును. 1937లో రొనాల్డ్ కోస్ అను ఆర్థిక శాస్త్రవేత్త ఒక చిన్న ప్రశ్న వేసెను. సమస్తమును బజారులో కొనవచ్చును గదా, మరి సంస్థలు పుట్టుట ఎందులకు? ప్రతి పనికిని తగిన మనిషిని వెదకుట, బేరమాడుట, ఒడంబడిక వ్రాసికొనుట వ్యయముతో కూడినవి. ఆ వ్యయమును తప్పించుకొనుటకే జనులు ఒక కప్పు క్రింద చేరి, ఒక యజమాని మాటకు లోబడి పనిచేయుదురని ఆయన సమాధానము. అయితే కప్పు క్రింద చేరిన తరువాతను వెదకులాట తప్పలేదు. ఎవరికేమి తెలియునో తెలిసికొనుటయే ఒక పని యయ్యెను. కాగితమునకు మూల ప్రతి ఒక్కటే. అది ఒక సమయమున ఒక బల్లపైననే యుండును. అందువలన వార్త క్రింది నుండి పైకి మెట్టు మెట్టుగా ఎక్కి, ఆజ్ఞ మెట్టు మెట్టుగా దిగవలసి వచ్చెను. 1911లో ప్రకటించిన తన గ్రంథమున ఫ్రెడరిక్ టేలర్ ఈ విభజనకు ఒక శాస్త్ర రూపము కల్పించెను. ఆలోచించుట కార్యాలయము వంతు, చేయుట కార్మికుని వంతు. ఈ పద్ధతి వలన ఉత్పత్తి పెరిగినది, సందేహము లేదు. కాని చేతులకు తెలిసిన దానిని తల అడుగుట మానివేసినది.

ఒక కర్మాగారమును ఊహింపుడు. అందొక నీటి పంపు కలదు. వేసవి మధ్యాహ్నములందు దాని బేరింగు వేడెక్కును. గ్రీజు ఎంత వేయవలయునో, ఎట్టి చప్పుడు వినబడినపుడు దానిని ఆపవలయునో, ఇరువది ఏండ్లుగా కనిపెట్టుకొని యున్న ఫిట్టరునకు తెలియును. ఆతడు మేస్త్రీకి చెప్పెను. మేస్త్రీ ఇంజనీరునకు ఈ-మెయిలు వ్రాసెను. ఇంజనీరునకు బదిలీ అయ్యెను. ఆ లేఖ ఆయన పెట్టెలోనే నిలిచిపోయెను. కొన్నాళ్ళకు ఫిట్టరు పదవీ విరమణ సభలో పూలమాలను, శాలువను అందుకొని ఇంటికి వెడలెను. ఆతనితో పాటు ఇరువది ఏండ్ల జ్ఞానమును ఇంటికి వెడలెను. మరు వేసవిలో పంపు ఆగిపోయెను. విచారణ జరిగెను. ఎవరి తప్పును లేదని తేలెను!

నిజముగా ఇందు ఏ ఒక్కరి తప్పును లేదు. లోపము లేఖ యొక్క స్వభావమున నున్నది. లేఖ మనిషికి వ్రాయబడును. పుట పనికి వ్రాయబడును. మనిషికి వ్రాసినది ఆ మనిషితో పోవును. పనికి వ్రాసినది పని యున్నంత కాలము నిలుచును. ఆ ఫిట్టరు మాట పంపు పేర తెరచి యుంచిన ఒక పుటపై చేరి యుండినచో, క్రొత్తగా వచ్చినవాడు దానిని చదివి యుండును. వేరొక ఊరిలోని కర్మాగారమున అట్టి పంపునే నడుపువాడు తన అనుభవమును జోడించి యుండును. సామాజిక వేదికల నుండి వ్యాపార సంస్థలు నేర్వదగిన పాఠమంతయు ఈ చిన్న భేదములోనే ఇమిడి యున్నది.

ఈ భావము వినోదము కొరకు పుట్టినది కాదు. 1995 మార్చిలో అమెరికా దేశస్థుడైన వార్డ్ కన్నింగ్‌హామ్ అను కంప్యూటరు ప్రోగ్రాముల రచయిత, చదువువారెవరైనను సరిదిద్దుటకు వీలైన పుటలను ఇంటర్నెట్టుపై నెలకొల్పెను. తన వృత్తిలోని వారు పనిలో గడించిన అనుభవమును ఒకచోట కూర్చుట ఆయన ఉద్దేశము. దానికి పెట్టిన పేరులోని 'వికీ' అను మాటకు హవాయీ భాషలో త్వరితమని అర్థము. 2001 జనవరిలో ఆరంభమైన వికీపీడియా ఆ పద్ధతినే విజ్ఞాన సర్వస్వమునకు అన్వయించెను. అంతకు ముందే, 1991 ఆగస్టులో, హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తాను వ్రాయుచున్న కంప్యూటరు నిర్వహణ వ్యవస్థను గూర్చి ప్రకటించి, ఇతరుల అభిప్రాయములను కోరెను. అదియే లైనక్స్. ఒకరి ముఖమొకరు చూడని వేలమంది కలిసి దానిని పెంచిరి. ప్రపంచమున అత్యంత శక్తిమంతములైన 500 సూపర్ కంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరు నాటికి అన్ని యంత్రములును లైనక్స్ పైననే నడుచుచుండెను.

ఈ ప్రయత్నములలో సామాన్యముగా కనబడు లక్షణములు మూడు. మొదటిది బాహాటత: పని అందరు చూచునట్లు జరుగును, దాచుటకే కారణము చెప్పవలయును గాని చూపుటకు కాదు. రెండవది జ్ఞాపకము: ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చిరో ప్రతి మార్పును నమోదగును, చెరిపిన దానిని తిరిగి తెచ్చుటకు వీలుండును. మూడవది ప్రవేశము: మాట యొక్క విలువ చెప్పినవాని హోదాను బట్టి గాక మాటను బట్టి ఏర్పడును.

వ్యాపార లోకము ఈ సంగతిని గమనించుటకు ఎంతో కాలము పట్టలేదు. 2006లో ఆండ్రూ మెకఫీ అను ఆచార్యుడు, ఉద్యోగులు తమంత తామే వ్రాసి, సరిదిద్ది, ఒకదాని కొకటి ముడివేసికొను వేదికలు సంస్థల స్వరూపమును మార్చగలవని ఒక వ్యాసమున ప్రతిపాదించెను. 2008లో యామర్ అనునది సంస్థల లోపలి సంభాషణ కొరకు వెలసెను. 2012లో మైక్రోసాఫ్టు దానిని 120 కోట్ల డాలర్లకు కొనెను. స్లాక్ కథ మరింత వింతయైనది. ఒక చిన్న కంపెనీ ఇంటర్నెట్టుపై ఆడు ఒక ఆటను తయారు చేయుచుండెను. ఆ ఆట నిలువలేదు, 2012లో మూతపడెను. కాని ఆ ఆటను చేయుటకై తమలో తాము మాటాడుకొనుటకు ఉద్యోగులు ఏర్పరచుకొన్న సాధనము మిగిలెను. దానిని వారు 2014లో బజారున పెట్టిరి. 2021లో సేల్స్‌ఫోర్స్ అను సంస్థ దానిని సుమారు 2,770 కోట్ల డాలర్లకు కొనెను.

సాధనములు ఎన్నియైన రావచ్చును. పని తీరు మారినదా లేదా యనునది అసలు ప్రశ్న. ఇందుకు మూడు దృష్టాంతములు చాలును.

మొదటిది కెనడాలోని ఒక బంగారు గని. గోల్డ్‌కార్ప్ అను కంపెనీకి ఒంటారియో రాష్ట్రమున రెడ్ లేక్ వద్ద గని యుండెను. ఎచట త్రవ్విన బంగారము దొరకునో నిశ్చయింపలేక కంపెనీ కష్టములలో నుండెను. దాని అధిపతి రాబ్ మెక్యూవెన్, లైనక్స్ పుట్టిన విధమును గూర్చి ఒక ఉపన్యాసము విని, 2000వ సంవత్సరమున ఒక సాహసము చేసెను. గని వ్యాపారమున భూగర్భ వివరములకంటె గొప్ప రహస్యము లేదు. అట్టి వివరములను ఆయన ఇంటర్నెట్టుపై బహిరంగ పరచి, బంగారమున్న చోటును సూచించిన వారికి మొత్తము 5,75,000 డాలర్ల బహుమతులను ప్రకటించెను. మొదటి బహుమతిని గెలిచినవారు ఎచటనో ఆస్ట్రేలియాకు చెందిన రెండు సంస్థల వారు. వారు సూచించిన తావులలో కంపెనీ భూగర్భ శాస్త్రజ్ఞులకు తోచనివియు కలవు. రహస్యమును కాపాడుకొనుట వలన గాక, విప్పుట వలన ఆ గని బ్రతికెను.

రెండవది ఐ.బి.ఎం. కంపెనీ. 2003 జూలైలో ఆ కంపెనీ తన ఉద్యోగులందరికిని 72 గంటల పాటు లోపలి వేదికను తెరచి, ఈ సంస్థ దేనికొరకు నిలువవలయునో చెప్పుడని కోరెను. మొదటి గంటలలో పొగడ్తలు రాలేదు, నిష్ఠురములు వచ్చినవి. అధికారులపై అవిశ్వాసమును, ఎన్నాళ్ళుగనో అణగియున్న అసంతృప్తియు వెల్లువయై పొంగినవి. కొందరు ఉన్నతాధికారులు వేదికను మూసివేయుదమనిరి. ముఖ్యాధికారి శామ్ పామిసానో అందుకు అంగీకరింపలేదు. క్రమముగా మాటల ధోరణి మారెను. దూషించినవారే మార్గములను సూచింపసాగిరి. ఆ చర్చ నుండియే సంస్థ తన మూల విలువలను వ్రాసికొనెను. మొదటి దినమున అరుగును పడగొట్టినచో రెండవ దినపు మంచి మాట వినబడెడిది కాదు.

మూడవది ఢిల్లీ నగరము నానుకొని యున్న నోయిడాలోనిది. 2005లో హెచ్.సి.ఎల్. టెక్నాలజీస్ బాధ్యతను స్వీకరించిన వినీత్ నాయర్ అచట ఒక విపరీతమైన పద్ధతిని ప్రవేశపెట్టెను. ఉద్యోగికి ఒక చిక్కు వచ్చినచో, పరిపాలనా శాఖలపై ఒక ఫిర్యాదు చీటీని కంప్యూటరు ద్వారా నమోదు చేయవచ్చును. ఆ చిక్కు తీరినదని నిర్ణయించి చీటీని ముగించు అధికారము శాఖకు లేదు. ఫిర్యాదు చేసిన ఉద్యోగికే కలదు. అంతేకాక, తన పనిని గూర్చి క్రింది వారు ఇచ్చిన అభిప్రాయములను నాయర్ మొదట తానే అందరు చూచునట్లు లోపలి వేదికపై నుంచెను. పిమ్మట ఇతర నిర్వాహకులును అనుసరించిరి. ఎవరినైనను నిర్బంధించుటకంటె ముందు తాను అరుగుపై కూర్చుండుట ఇందలి విశేషము. ఈ అనుభవమును ఆయన 2010లో ఒక గ్రంథముగా వెలువరించెను.

ఈ మూడు దృష్టాంతములందును యంత్రము గొప్పది కాదు. పెద్దవాడు ఏదో ఒకటి వదలుకొనెను. ఒకడు రహస్యమును, ఒకడు తన మర్యాదను, ఒకడు కడపటి మాట చెప్పు హక్కును వదలుకొనిరి. వదలుకొనుటకు సిద్ధపడనిచోట వేదిక కొనుట డబ్బు దండుగ. ఫేస్‌బుక్కును నడుపు సంస్థ వంటి మహా సంస్థయే కార్యాలయముల కొరకు 2016లో వర్క్‌ప్లేస్ అను వేదికను పెట్టి, దానిని మూసివేయుచున్నామని 2024 మే మాసమున ప్రకటించెను. అనేక సాధనములు ఇట్లు వచ్చి పోయినవి. కారణములు వేరు వేరు కావచ్చును. అరుగు కట్టిన మాత్రమున ఊరు వచ్చి కూర్చుండదని మాత్రము వీనిని చూచినవారికి తెలియును.

ఇక విడువదగిన వానిని గూర్చి. సామాన్య జనుల కొరకు ఏర్పడిన వేదికలు పెక్కు ప్రకటనల రాబడిపై బ్రతుకుచున్నవి. చూచువాని కన్ను చెదరకుండ పట్టి యుంచుటయే వాని వ్యాపారము. మెచ్చుకోళ్ళ లెక్క, క్షణ క్షణము మ్రోగు గంట, ఎడతెగని వార్తల వరుస ఆ ప్రయోజనము కొరకే కల్పింపబడినవి. పని చేయువాని కన్ను పనిపై నుండవలయును. మెచ్చుకొన్న వారి సంఖ్య సత్యమునకు కొలత కాదు. పంపు బేరింగును గూర్చి నలుబదిమంది తల యూపినను, ఒక్క ఫిట్టరు కాదన్నచో ఆ ఒక్క మాటనే ముందు వినవలయును.

తెరచిన వేదిక మూయనేరని తలుపు కారాదు. అర్ధరాత్రి వచ్చిన ప్రశ్నకు అప్పుడే సమాధానము చెప్పవలయునను అలవాటు ఇల్లును కార్యాలయముగా మార్చును. ఈ చిక్కును గుర్తించియే, పని వేళలు ముగిసిన పిమ్మట కార్యాలయ సందేశముల నుండి విడివడు హక్కును గూర్చి ఉద్యోగులతో సంప్రదింపవలయునను నిబంధనను ఫ్రాన్సు దేశము 2017 జనవరి 1 నుండి అమలునకు తెచ్చెను.

అంతకంటె పెద్ద ప్రమాదము మరొకటి కలదు. వేదిక యొక్క జ్ఞాపకశక్తి పనికి తోడు కావచ్చును. మనిషికి ఉచ్చు కావచ్చును. 2020లో మైక్రోసాఫ్టు సంస్థ, ఉద్యోగులు ఏ సాధనమును ఎన్ని దినములు వాడిరో పేర్లతో సహా నిర్వాహకులకు చూపు ఒక ఏర్పాటు చేసి, తీవ్ర విమర్శకు గురియై, వ్యక్తుల పేర్లను తొలగింతుమని ఆ డిసెంబరులో ప్రకటించెను. పని యొక్క చరిత్రను వ్రాయుట వేరు. పనివాని ఊపిరిని లెక్కించుట వేరు. ఈ రెంటికి నడుమ గీత గీయని సంస్థలో ఉద్యోగి నిజము వ్రాయడు; తనకు హాని కలిగింపని దానినే వ్రాయును. అప్పుడు వేదిక నిండుగనే యుండును గాని అందు జ్ఞానముండదు.

తెలుగు ఉద్యోగులు ప్రత్యేకముగా ఆలోచింపవలసిన విషయ మొకటి కలదు. పాత రచ్చబండపై కులము చేసిన పనిని క్రొత్త రచ్చబండపై భాష చేయవచ్చును. ఆంగ్లమున చక్కగా నాలుగు వాక్యములు వ్రాయగలవాడే తెలిసినవాడుగా చెలామణి యగును. లేత్ యంత్రముపై ముప్పది ఏండ్లు గడపిన పనివాడు అరుగు అంచున నిలుచును. వేదిక అందరిది కావలయునన్నచో ఆతడు తన భాషలో వ్రాయుటకు, వ్రాయలేనిచో పలుకుటకు, చిత్రము తీసి పెట్టుటకు వీలుండవలయును. ఈనాడు చరవాణిలో తెలుగున వ్రాయుటయు, పలికిన దానిని అక్షరములుగా మార్చుటయు సాధ్యములే. సాధనమున్నది, ఆతని మాట విలువైనదను నమ్మకమే ఇంకను కావలసి యున్నది.

అందరును మాటాడినచో అరాచకము కాదా యని కొందరి శంక. వికీపీడియా చరిత్ర ఇందుకు సమాధానము చెప్పును. 2005 డిసెంబరులో 'నేచర్' పత్రిక విజ్ఞాన శాస్త్ర విషయములపై 42 వ్యాసములను నిపుణులచే పరీక్షింపజేసెను. సగటున ఒక్కొక్క వ్యాసమున వికీపీడియాలో నాలుగును, బ్రిటానికాలో మూడును తప్పులు కనబడెను. బ్రిటానికా వారు ఆ పరీక్షా పద్ధతిని తీవ్రముగా ఖండించిరి. ఏమైనను, జీతము లేని వారి రచన ఆ మాత్రము నిలిచినదన్న నది అరాచకము వలన కాదు. అందు నిర్వాహకులు కలరు. తగవు వచ్చిన పుటలకు తాళము వేయుదురు. ఆధారము లేని మాటను తొలగింతురు. లైనక్స్ నందును ప్రతి భాగమునకు ఒక సంరక్షకుడు కలడు; కడపటి నిర్ణయము టోర్వాల్డ్స్ వద్దనే యున్నది. ఆ టోర్వాల్డ్స్ సైతము, తోడివారి తప్పులను కఠోర భాషలో దుయ్యబట్టు తన అలవాటునకు 2018 సెప్టెంబరులో క్షమాపణ చెప్పుకొని కొంతకాలము తప్పుకొనెను. మాట అందరిది, నిర్ణయము ఒకరిది, మర్యాద ఎల్లరిది. ఈ మూడును కుదిరిన గాని అరుగు నిలువదు.

ఇచట సమావేశమైన వారిలో పెక్కుమంది ఫైళ్ళ నడుమ జీవితమును గడపినవారు. వారికి ఈ క్రొత్త భావము ఒక విధముగా పాత చుట్టమే. కార్యాలయపు ఫైలునందు ప్రతి వ్రాతకును సంతకమును తేదీయు నుండును. పై అధికారి భిన్నాభిప్రాయుడైనచో తన వ్రాతను క్రింద చేర్చునే గాని ముందు వ్రాసిన దానిని చింపివేయరాదు. వికీ పుటకు గల జ్ఞాపకశక్తి ఫైలునకు మొదటి నుండియు కలదు. బాధ్యత ఎవరిదో చెప్పగల శక్తియు కలదు. లోపించినవి రెండు: అది ఒక్కొక్క బల్లపై వరుసగా ఆగును; ముగిసిన పిమ్మట రికార్డు గదిలో మౌనము వహించును. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టము ఆ మౌనమును కొంత భంగపరచెను. అడిగిన వారికిచ్చుటయే గాక, అడుగక ముందే తెలుపవలసిన వానిని సైతము చట్టము పేర్కొనెను. 2009లో ఆరంభమైన ఈ-ఆఫీస్ ఏర్పాటు కాగితమును తెరపైకి మార్చెను. ఫైలు మోసికొని పోవు శ్రమ తప్పినది. కాని తెరపై నడచు ఫైలు సైతము మెట్టు మెట్టుగనే ఎక్కుచున్నచో, నిచ్చెనకు విద్యుద్దీపము పెట్టినట్లగును గాని అరుగు కట్టినట్లు కాదు.

అన్ని విషయములను అరుగుపై పెట్టుట కూడదు. దేశ రక్షణ, వ్యక్తుల ఆరోగ్య వివరములు, క్రమశిక్షణా విచారణలు, టెండర్ల మదింపు గోప్యముగ నుండవలసినవే. కాని ఒక నిబంధనకు అర్థమేమి, వెనుక ఇట్టి సందర్భమున ఏమి చేసిరి, ఈ పట్టిక నింపుటలో పొరపాట్లు ఎచట జరుగుచున్నవి యను ప్రశ్నలలో రహస్యమేమున్నది? ఒక శాఖలో నలుగురు, మరొక శాఖలో నలుగురు ఒకే సందేహమును విడివిడిగా తేల్చుకొనుటకు వారములు గడపుచుందురు. అట్టి వానికి తెరచిన పుటలుండినచో, ప్రతి పుటకును ఒక సంరక్షకుడుండినచో, బదిలీపై వెడలువాడు తాళపు చెవులతో పాటు తన జ్ఞానమును సైతము అప్పగించి వెడలును. ప్రభుత్వ రంగ సంస్థలకును, ప్రైవేటు వ్యాపారములకును ఇదియే మొదటి మెట్టు కాదగును. వ్యయము స్వల్పము, ఫలము శాశ్వతము.

ఆ మొదటి మెట్టుపై ఎవరు కాలిడవలయును? క్రొత్తగా చేరిన గుమాస్తా తనకు తెలియదని పదిమంది యెదుట వ్రాయుటకు వెరచును. పదవీ విరమణకు సమీపించిన ఫిట్టరు, తన మాట నెవరు విందురులే యని ఊరకుండును. వారి వెరపును తీర్చు ఉత్తరువు ఏదియు లేదు. అధికారి తానే ఒకనాడు వేదికపై 'ఈ విషయము నాకు తెలియదు. తెలిసినవారు చెప్పుడు' అని వ్రాయవలయును. సమాధానము చెప్పినది గుమాస్తాయే యైనచో, ఆతని పేరును నిలిపి, కృతజ్ఞత తెలుపవలయును. తన పొరపాటును ఎవరైన చూపినచో, దానిని చెరిపివేయక, దిద్దుబాటును దాని ప్రక్కనే ఉంచవలయును. ఇంతకు మించిన శిక్షణ ఏ సంస్థయు ఇయ్యజాలదు.

ఊరి పెద్ద ఇంటి లోపలనే కూర్చుండి కబురు పంపిన దినమున రచ్చబండ ఉత్త రాయి. ఆయన వచ్చి ఒక అంచున కూర్చుండి, నడుమ నున్న చోటును చెప్పవలసిన మాట యున్నవానికి వదలిన దినమున అదియే సభ. కార్యాలయమునకును, కర్మాగారమునకును కావలసిన రచ్చబండ అట్టిది. పాత అరుగుపై చోటు దొరకనివారికి సైతము దీనిపై చోటు కల్పించుట ఈ తరము వారి బాధ్యత.